పచ్చని గోళానికి కొత్త పేరు: సూక్ష్మ శైవలాల్లో కొత్త జాతిని ఎలా తేలుస్తారు?

"మంచినీటిలో కొత్త శైవల జాతిని కనుగొన్నారు" అన్న వార్త చదవగానే మన మనసులో ఒక దృశ్యం కదులుతుంది. ఎవరో సూక్ష్మదర్శినిలోకి తొంగి చూశారు, ఇంతవరకు ఎవరి కంటా పడని జీవి కనిపించింది, ఆశ్చర్యపోయారు. ఆకుపచ్చ సూక్ష్మ శైవలాల విషయంలో ఇలా జరగడం చాలా అరుదు. చాలాసార్లు అక్కడ కనిపించేది అయిదు మైక్రోమీటర్ల పచ్చని గోళం. ఒక్క మిల్లీమీటరు పొడవున అలాంటివి 200 వరుసగా పేర్చవచ్చు. లోపల ఒక హరితరేణువు, ఒక కేంద్రకం, కొంత పిండిపదార్థం ఉంటాయి. అచ్చం ఇలాగే కనిపించే జీవులకు ఇప్పటికే ఎన్నో పేర్లున్నాయి.

అందువల్ల ఈ పనిలో బరువంతా ఒకే ప్రశ్న మీద పడుతుంది: చేతిలో ఉన్న ఈ గోళం, ఇప్పటిదాకా పేరు పెట్టిన వాటిలో ఏదీ కాదని ఎలా చెప్పగలం?

శైవలం, జాతి, వర్ణన: ముందుగా తెలియాల్సిన మూడు మాటలు

నీటిలో పచ్చగా పెరిగేదాన్నంతా మనం నాచు అనేస్తాం. శాస్త్రంలో ఆకుపచ్చ శైవలాలంటే ఒక నిర్దిష్టమైన వర్గం. మొక్కల్లో ఉన్నట్టే వీటిలోనూ పత్రహరితం ఎ, బి రెండూ ఉంటాయి, పిండిపదార్థం హరితరేణువులోనే నిల్వ అవుతుంది. వీటిలో రెండు పెద్ద శాఖలున్నాయి. క్లోరెల్లా, క్లామిడోమోనాస్ వంటివి క్లోరోఫైటా శాఖకు చెందుతాయి. రెండోది స్ట్రెప్టోఫైటా. స్పైరోగైరా, డెస్మిడ్‌లు ఇందులోకి వస్తాయి. నేలమీద పెరిగే మొక్కలన్నీ ఈ రెండో శాఖ నుంచే వచ్చాయి. నిలవ నీటి మీద తెట్టులా కట్టే నీలి-ఆకుపచ్చ శైవలాలకు పేరులో శైవలం ఉన్నా అవి బ్యాక్టీరియా. ఈ వ్యాసంలో వాటి ప్రస్తావన ఉండదు.

జాతి అన్నది వర్గీకరణలో ఒక మెట్టు, దానికి పైమెట్టు ప్రజాతి. క్లోరెల్లా వల్గారిస్ అన్న పేరులో మొదటి మాట ప్రజాతిని, రెండూ కలిసి జాతిని సూచిస్తాయి. ఇక వర్ణన. కొత్త జీవి ఎలా ఉంటుందో, దేనికంటే ఎందులో భిన్నమో రాసి, ఒక నమూనాకు ముడిపెట్టి, పేరుతో సహా ప్రచురించడమే వర్ణన. ఒక జీవి నీటిలో దొరికిన రోజుకూ దాని వర్ణన వెలువడిన రోజుకూ మధ్య ఏళ్లు గడిచిపోవచ్చు. వార్తల్లో "కనుగొన్నారు" అని వచ్చేది సాధారణంగా ఆ రెండో రోజు గురించే.

ఆకారం ఎందుకు మోసం చేస్తుంది?

పూవులు పూసే మొక్కలో చూడటానికి ఎంతో ఉంది: ఆకు అంచు, రేకుల సంఖ్య, కాయ, గింజ. గుండ్రని శైవల కణంలో పోల్చి చూడటానికి నాలుగైదు లక్షణాలకు మించి దొరకవు. కణం కొలత, హరితరేణువు గిన్నెలా ఉందా పట్టీలా ఉందా, దానిలో పైరినాయిడ్ అనే ప్రోటీన్ ముద్ద ఉందా లేదా, తల్లికణం ఎన్ని పిల్లకణాలుగా విడిపోతుంది, అంతే. మామూలు సూక్ష్మదర్శిని 0.2 మైక్రోమీటర్ల కంటే చిన్న వివరాలను విడదీసి చూపలేదు కాబట్టి చిట్టి కణాల లోపలి నిర్మాణం చాలావరకు మసకగానే మిగిలిపోతుంది.

లక్షణాలు తక్కువ కావడం ఒక ఇబ్బంది. ఉన్న ఆ కొద్ది లక్షణాలు కూడా నిలకడగా ఉండకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది. మైక్రాక్టీనియం అనే శైవలం సరస్సులో ఉన్నప్పుడు కణాలు గుంపుగా కూడి, ఒంటినిండా పొడవైన ముళ్లతో ఉంటుంది. ప్రయోగశాలలో కొన్నాళ్లు పెంచితే ముళ్లు పోతాయి, కణాలు విడివిడిగా తేలుతాయి. అప్పుడు దాన్ని చూసినవారు క్లోరెల్లా అనుకుంటారు. శైవలాలను తినే బ్రాకియోనస్ అనే రోటిఫర్‌ను (ఒక సూక్ష్మ జలజంతువును) పెంచిన నీటిని ఆ సీసాలో కలిపితే, జంతువు ఒక్కటి కూడా లేకపోయినా, ముళ్లు మళ్లీ మొలుస్తాయి. తినేవాడి రసాయన వాసన తగిలితే చాలు, శైవలం కవచం తొడుక్కుంటుంది. సెనెడెస్మస్‌లోనూ ఇలాంటిదే జరుగుతుంది. డాఫ్నియా అనే నీటి పురుగు ఉన్న నీరు తగిలితే విడి కణాలు నాలుగేసి, ఎనిమిదేసి కణాల గుంపులుగా మారతాయని 1993లో వెలువడిన ప్రయోగాలు చూపాయి.

నాకు ఈ రంగంలో అన్నింటికంటే ఆకర్షణీయంగా అనిపించే విషయం ఇదే. పూర్వం కేవలం గీసిన బొమ్మల ఆధారంగా జాతులకు పేర్లు పెట్టిన పరిశోధకులు అజాగ్రత్తపరులు కారు. వాళ్లు చూసింది చూసినట్టే గీశారు. ఆ జీవే ఒక రోజు ఒకలా, మరో రోజు మరోలా ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కూడా ఉంది. పరిణామంలో దూరమైన వంశాలు సైతం ఒకే గుండ్రని రూపానికి చేరుకోవచ్చు. డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బేయరింక్ 1890లో క్లోరెల్లా వల్గారిస్‌ను వర్ణించాడు. ఆ తరువాత వచ్చిన వారు ఎక్కడ పచ్చని గోళం కనబడినా దాన్ని క్లోరెల్లాలో చేరుస్తూ పోయారు. అలా ఆ ప్రజాతిలో జాతుల పేర్లు వంద దాటాయి. 1999లో జన్యు, జీవరసాయన ఆధారాలతో పరిశీలిస్తే నిజమైన క్లోరెల్లాలుగా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. మిగిలినవి వేర్వేరు వంశాలకు, కొన్నయితే వేరే తరగతులకే చెందినవి. తరువాతి పరిశోధనల్లో మరో మలుపు వచ్చింది. జిగురు తంతువులతో గుంపులు కట్టే, రూపంలో క్లోరెల్లాకు ఏ పోలికా లేని కొన్ని శైవలాలు అసలైన క్లోరెల్లాకు దగ్గరి బంధువులని తేలింది.

ఒక ఊహా ఉదాహరణ: నీటి చుక్క నుంచి స్వచ్ఛమైన వర్ధనం దాకా

ఒక పరిశోధకురాలు సరస్సు నుంచి సీసాడు నీరు తెచ్చిందనుకుందాం. అందులో డజన్ల కొద్దీ జీవులు కలగలిసి ఉంటాయి. వాటిలో ఒక కోడిగుడ్డు ఆకారపు కణం ఆమె దృష్టిలో పడింది.

ముందు ఆ కణాన్ని ఒంటరిని చేయాలి. సన్నగా సాగదీసిన గాజు గొట్టంతో ఒక్క కణాన్నే పీల్చి, శుభ్రమైన చుక్కల్లో ఒకదాని తరువాత ఒకదానిలో కడుగుతూ పోవచ్చు. నీటిని పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలుచన చేస్తూ ఒక గొట్టంలో ఒకే కణం మిగిలేలా చూడవచ్చు. అగర్ పలక మీద గీతలుగా పూసి, విడిగా మొలిచిన పచ్చని చుక్కను ఎత్తుకోవచ్చు. ఒక్క కణం నుంచి పెరిగిన సంతతినే పాయ అంటారు. ఇకమీద చేసే ప్రతి పరీక్షకూ ఈ పాయే ఆధారం. ఒకే సీసాలో రెండు రకాలు కలిసి ఉంటే, బొమ్మ ఒక జీవిది, డీఎన్ఏ మరో జీవిది అయ్యే ప్రమాదం ఉంది.

తరువాతి పని ఓపికగా చూడటం. లేత వర్ధనం (ప్రయోగశాలలో పెంచిన కణాల సముదాయం), ముదిరిన వర్ధనం, పోషకాలు అయిపోయిన వర్ధనం, అన్నిటినీ చూడాలి. యాభై కణాలనో వందనో కొలిచి, కనిష్ఠ, గరిష్ఠ కొలతలు రాసుకోవాలి. అయోడిన్ చుక్క వేస్తే పైరినాయిడ్ చుట్టూ ఉన్న పిండిపదార్థం ముదురు రంగుకు తిరుగుతుంది. కణం ఎలా విభజన చెందుతుందో, కశాభాలతో (తోకల్లాంటి సన్నని పోగులతో) ఈదే దశ ఎప్పుడైనా వస్తుందో గమనించాలి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే కణకవచం పొరలూ, పైరినాయిడ్ గుండా హరితరేణువు పొరలు ఎలా చొచ్చుకుపోతున్నాయో కనిపిస్తుంది. క్లోరెల్లా బంధువులను గుర్తించడంలో ఈ చివరి వివరం చాలా ఉపయోగపడింది.

జన్యు అక్షరాల లెక్క

రూపం చెప్పలేనిది డీఎన్ఏ చెప్పవచ్చు. అయితే డీఎన్ఏలో ఏ ముక్క చదివామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఎక్కువగా చదివేది 18ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువు. ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లో భాగమయ్యే ఆర్ఎన్ఏ దీన్నుంచే తయారవుతుంది. దీని పొడవు సుమారు 1,800 అక్షరాలు (డీఎన్ఏలో వరుసగా ఉండే రసాయన ముక్కలు). చాలా నెమ్మదిగా మారుతుంది కనుక ప్రజాతి, కుటుంబ స్థాయుల్లో బంధుత్వం తేల్చడానికి పనికొస్తుంది. మన ఉదాహరణలోని శైవలానికీ దాని దగ్గరి బంధువుకూ ఈ జన్యువులో 4 అక్షరాలు తేడా వచ్చాయనుకుందాం. అంటే 0.22 శాతం. దీన్ని బట్టి రెండూ ఒకటేనని చెప్పలేం, వేర్వేరని కూడా చెప్పలేం. నెమ్మదిగా కదిలే గడియారంతో చిన్న వ్యవధులను కొలవలేం కదా.

అప్పుడు ఐటీఎస్‌2 అనే పక్క ముక్క దగ్గరకు వెళ్తారు. రైబోసోమ్ తయారయ్యేటప్పుడు కణం దీన్ని కత్తిరించి పారేస్తుంది కాబట్టి ఇది త్వరగా మారుతుంది. దీని పొడవు 240 అక్షరాలు, తేడా 18 అక్షరాలు అనుకుంటే అది 7.5 శాతం. ఇప్పుడు తేడా గట్టిగా కనిపిస్తోంది.

ఐటీఎస్‌2లో అక్షరాల లెక్కకు మించిన సమాచారం కూడా ఉంది. ఇది ఆర్ఎన్ఏగా మారినప్పుడు మడతపడి నిచ్చెనల్లా తయారవుతుంది. నిచ్చెనలో ప్రతి మెట్టు ఒక అక్షరాల జత. ఒక జీవిలో ఒక మెట్టు జి–సి జతతో ఉందనుకుందాం. జన్యు మార్పు వల్ల సి స్థానంలో యు వస్తే జి–యు అవుతుంది. జత కాస్త బలహీనపడినా మెట్టు నిలుస్తుంది. మరో మార్పులో జి కూడా ఎ గా మారితే ఎ–యు జత ఏర్పడి మెట్టు మళ్లీ గట్టిపడుతుంది. రెండువైపులా అక్షరాలు మారినా మెట్టు చెక్కుచెదరని ఈ స్థితిని పరిహార మార్పు అనవచ్చు. ఇంత జరగాలంటే రెండు వంశాలు చాలాకాలంగా విడిపోయి ఉండాలి.

అమెరికా శాస్త్రవేత్త ఆనెట్ కోల్మన్ వాల్వాక్స్ బంధువర్గ శైవలాలను పరిశీలించి ఒక ముఖ్యమైన సంగతి గమనించారు. ఐటీఎస్‌2లో బాగా స్థిరమైన భాగాల్లో ఇలాంటి మార్పు ఉన్న జీవులు ఒకదానితో ఒకటి లైంగికంగా కలవవు. 2007లో మొక్కలు, శిలీంధ్రాల మీద జరిగిన ఒక పెద్ద విశ్లేషణలో, పరిహార మార్పు ఉంటే అవి వేర్వేరు జాతులు అయ్యే అవకాశం 93 శాతమని తేలింది. ఇది ఒక్కవైపుకే వర్తించే సూచన. పరిహార మార్పు కనబడలేదు కాబట్టి రెండూ ఒకే జాతి అని తీర్మానించడానికి వీల్లేదు. ఇటీవలే విడిపోయిన జాతుల్లో అలాంటి మార్పు ఇంకా చోటుచేసుకుని ఉండకపోవచ్చు.

ఎంత తేడా ఉంటే వేరే జాతి?

ఇక్కడే పరిశోధకులు విడిపోతారు. కలిసి సంతానాన్ని కనగలిగేవే ఒక జాతి అన్న నిర్వచనం జంతువుల్లో బాగానే పనిచేస్తుంది. గుండ్రని శైవలాల్లో చాలావాటికి లైంగిక దశ ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ చూడలేదు, కాబట్టి ఆ పరీక్ష వాటికి పెట్టడమే కుదరదు. లైంగిక దశ ఉన్నవాటిలో మరో చిక్కు ఎదురవుతుంది. పాండొరీనా మోరమ్ అని ఒకే పేరుతో పిలిచే శైవలంలో, చూడటానికి ఒకేలా ఉంటూ తమలో తాము తప్ప ఇతరులతో కలవని వర్గాలు పదికి పైగా ఉన్నాయి. అవన్నీ వేర్వేరు జాతులా, ఒకే జాతిలోని శాఖలా?

విడదీయాలనేవారి వాదన ఇది: సూక్ష్మజీవుల వైవిధ్యాన్ని రూపం దాచిపెడుతోంది, జన్యువులు స్పష్టంగా వేరుచేస్తున్నప్పుడు పేరు ఇవ్వకపోతే ఆ వైవిధ్యం ఎవరి లెక్కలోకీ రాదు. కలిపి ఉంచాలనేవారు, ఒకే ఒక్క పాయనూ ఒకే ఒక్క జన్యు ముక్కనూ చూసి పేరు పెడితే రేపు ఆ పేరు నిలవదంటారు. డీఎన్ఏ చదివితే తప్ప గుర్తుపట్టలేని జాతి, నీటి నాణ్యతను సూక్ష్మదర్శినితో పరిశీలించేవారికి అక్కరకు రాదన్నది వాళ్ల మరో అభ్యంతరం.

మన ఉదాహరణలో రెండు వాదాల బలమూ తెలుస్తుంది. ఆ సరస్సు నుంచి ఆమె అయిదు పాయలను వేరుచేసింది. వాటి మధ్య ఐటీఎస్‌2లో తేడా 0 నుంచి 2 అక్షరాలు. పేరున్న దగ్గరి జాతితో తేడా 18 అక్షరాలు. మధ్యలో స్పష్టమైన ఖాళీ ఉంది, కొత్త జాతి అనడానికి ఆధారం గట్టిగానే ఉంది. రెండేళ్ల తరువాత మరో ఖండంలోని సరస్సు నుంచి ఈ రెంటికీ సరిగ్గా మధ్యలో, చెరో 9 అక్షరాల దూరంలో ఉండే పాయ దొరికిందనుకోండి. ఖాళీ నిండిపోతుంది. నిన్న రెండు జాతులుగా కనిపించినది ఇవాళ ఒకే జాతిలోని నిరంతర వైవిధ్యంగా కనిపిస్తుంది. అందుకే రూపం, జీవితచక్రం, నివాసం, ఒకటికి మించిన జన్యువులు, వీటిని కలిపి చూసే పద్ధతికి ఇప్పుడు మద్దతు పెరిగింది. ఒక్క పాయతో వర్ణించిన జాతిని నేనైతే నిర్ధారణగా తీసుకోను, పరీక్షకు నిలవాల్సిన ప్రతిపాదనగానే చదువుతాను.

పేరుకు చట్టం ఉంది, కానీ అది దేన్ని తేల్చదు?

శైవలాల పేర్లు శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల అంతర్జాతీయ నామకరణ నియమావళి కిందికి వస్తాయి. అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభల్లో దీన్ని సవరిస్తుంటారు. ఇటీవలి సభలు 2011లో మెల్‌బోర్న్‌లో, 2017లో షెన్‌జెన్‌లో, 2024లో మాడ్రిడ్‌లో జరిగాయి. శైవలాలు అన్న మాట నియమావళి పేరులోకి చేరింది మెల్‌బోర్న్ సభలోనే.

1958 జనవరి 1 నుంచి 2011 చివరి దాకా శైవలాల కొత్త పేరు చెల్లాలంటే లాటిన్‌లో వర్ణన తప్పనిసరి. 2012 నుంచి లాటిన్ గానీ ఇంగ్లిష్ గానీ సరిపోతుంది. 1958 నుంచి బొమ్మ లేదా ఛాయాచిత్రం కూడా ఉండి తీరాలి. అన్నింటికంటే ముఖ్యమైనది టైప్. కొత్త పేరును సాధారణంగా ఒక నిర్దిష్ట నమూనాకు ముడివేయాలి. రేపు ఆ పేరు దేనిదన్న వివాదం వస్తే, వర్ణనలోని మాటలకంటే ఆ నమూనాదే తుదిమాట. 1990 నుంచి ఆ నమూనా ఏ సంస్థలో ఉందో కూడా ప్రకటించాలి.

ఇక్కడ సూక్ష్మ శైవలాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మొక్కనైతే నొక్కి, ఎండబెట్టి, కాగితానికి అంటించి శతాబ్దాల పాటు దాచవచ్చు. అయిదు మైక్రోమీటర్ల కణాన్ని ఎండబెడితే మిగిలేది మరకే. బతికున్న వర్ధనాన్ని దాచుదామా అంటే అది తరతరాలకూ మారుతూ ఉంటుంది, కలుషితం కావచ్చు. అందుకే బతికున్న జీవిని టైప్‌గా నియమావళి ఒప్పుకోదు. మధ్యేమార్గంగా, గడ్డకట్టించి జీవక్రియలు ఆగిన స్థితిలో భద్రపరచిన వర్ధనాన్ని ఒప్పుకుంటుంది. ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకు 196 డిగ్రీల దిగువన ఉన్న కణాలు కాలం ఆగిపోయినట్టు ఉంటాయి. దాని జోడు బతికున్న పాయగా గొట్టింగెన్, ఓబన్, ఆస్టిన్ వంటి చోట్ల ఉన్న శైవల వర్ధన భాండాగారాల్లో కొనసాగుతుంది. ఎవరైనా తెప్పించుకుని సరిచూడవచ్చు.

ఈ నియమాలన్నీ పాటిస్తే పేరు చెల్లుబాటవుతుంది. ఆ జాతి నిజంగా వేరేదేనా అన్నది మాత్రం నియమావళి తేల్చదు. డీఎన్ఏ ఉండాలని కూడా అది అడగదు. ఆ తీర్పు పరిశోధకుల సమాజానిది. చెల్లుబాటైన పేర్లు ఎన్నో తరువాత పర్యాయనామాలుగా మిగిలిపోవడానికి కారణం ఇదే.

పాత పేర్ల బరువు

కొత్త పేరు పెట్టేముందు పాత పేర్లన్నీ తిరగేయాలి. ఎక్కడిదాకా? సాధారణంగా లిన్నేయస్ గ్రంథం వెలువడిన 1753 దాకా. డెస్మిడ్‌లకు మాత్రం 1848ని, ఈడోగోనియం కుటుంబానికి 1900ని ప్రారంభ సంవత్సరాలుగా నిర్ణయించారు. ఆ పాత వర్ణనల్లో కొన్నిటికి మిగిలిన ఆధారం నాలుగు వాక్యాలు, ఒక చిన్న గీత బొమ్మ. చేతిలోని కణం ఆ బొమ్మకు సరిపోతుంది, దాని పక్కనున్న ఇంకో మూడు వంశాలూ సరిపోతాయి. అప్పుడు పాత పేరుకు తోడుగా, దాని అర్థాన్ని స్థిరపరిచే కొత్త నమూనాను ఎంచుకునే వీలుంది. దాన్ని ఎపిటైప్ అంటారు. ఈ విషయంలో క్లోరెల్లా వల్గారిస్ అదృష్టం చేసుకుంది. బేయరింక్ 1889లో వేరుచేసినదిగా నమోదైన పాయ ఇప్పటికీ భాండాగారాల్లో సజీవంగా ఉంది, ఆ పేరు అర్థాన్ని అదే నిలబెడుతోంది. క్లోరెల్లా పైరినాయిడోసాకు ఆ భాగ్యం లేదు. ఆ పేరుతో దశాబ్దాల పాటు ప్రయోగాలు జరిగిన పాయలు వేర్వేరు జాతులవని తేలింది.

తప్పు పేరు ఎంతకాలం వెంటాడుతుందో చెప్పడానికి అంటార్కిటికాలోని బోనీ సరస్సు శైవలాన్ని చూడవచ్చు. ఏడాది పొడవునా మంచు కప్పు కింద, మసక వెలుతురులో, ఉప్పు నీటి పొరలో బతికే ఈ క్లామిడోమోనాస్‌ను యూడబ్ల్యూఓ 241 అన్న సంఖ్యతో పిలిచేవారు. 2004లో దాన్ని అప్పటికే పేరున్న క్లామిడోమోనాస్ రాడెన్సిస్ జాతికి చెందినదిగా గుర్తించారు. చలిని తట్టుకునే దాని కిరణజన్య సంయోగక్రియ మీద ఎన్నో పత్రాలు ఆ పేరుతోనే వెలువడ్డాయి. మరిన్ని జన్యువులు చదివాక రెండూ ఒకటి కావని తేలింది. 2022లో, సరస్సు పరిశోధకుడు జాన్ ప్రిస్కు పేరు మీద, క్లామిడోమోనాస్ ప్రిస్కూయీ అన్న పేరు వచ్చింది. జీవి అదే, సీసా అదే. పాత పత్రాలు చదివేవారు మాత్రం ఇప్పుడు రెండు పేర్లూ గుర్తుపెట్టుకోవాలి.

దొరికిన చోటే దాని ఊరా? డీఎన్ఏ ఒక్కటే చాలా?

కొత్త జాతి ఫలానా సరస్సులో మాత్రమే ఉందని వార్తల్లో రాస్తుంటారు. ఆ మాట జాగ్రత్తగా చదవాలి. "అన్నీ అన్నిచోట్లా ఉన్నాయి, పరిసరాలే ఎంపిక చేస్తాయి" అన్న భావన 1934లో డచ్ శాస్త్రవేత్త బాస్ బెకింగ్ నుంచి వచ్చింది. గాలి, పక్షుల కాళ్లు, దుమ్ము సూక్ష్మజీవులను ప్రపంచమంతా చేరవేస్తాయని ఆ పక్షం నమ్ముతుంది. కొన్ని సూక్ష్మజీవులైనా కొన్ని ప్రాంతాలకే పరిమితమని అవతలి పక్షం ఉదాహరణలు చూపుతుంది. ఒకే సరస్సులో వెతికి దొరికినదాన్ని అక్కడే ఉందనడానికి, మిగతా చోట్ల వెతికినవారు ఉండాలి.

ఇప్పుడు నీటిని వడపోసి, అందులోని డీఎన్ఏ అంతటినీ ఒకేసారి చదివే పద్ధతి వచ్చింది. ఏ పేరుకూ సరిపోలని ఆకుపచ్చ శైవలాల జన్యు వరుసలు దీనివల్ల కుప్పలుగా బయటపడుతున్నాయి. వాటిలో చాలావాటి కణాన్ని ఎవరూ చూడలేదు, పెంచలేదు. ఆ వరుసలకే పేరు పెట్టనివ్వాలని కొందరు అడుగుతున్నారు. లేకపోతే ఈ వైవిధ్యం సంఖ్యలుగానే మిగిలిపోతుందన్నది వాళ్ల ఆవేదన. వరుస చదవడంలో దొర్లే పొరపాట్లు, రెండు జీవుల ముక్కలు అతుక్కుని పుట్టే నకిలీ వరుసలు జాతులుగా నమోదవుతాయని ఎదుటివారి భయం. శిలీంధ్ర శాస్త్రజ్ఞులు 2018లో తమ అంతర్జాతీయ సభలో ఇలాంటి ప్రతిపాదననే తిరస్కరించారు. శైవలాలకూ కేవలం జన్యు వరుసను టైప్‌గా నియమావళి ఒప్పుకోదు.

శైవల జాతులు మొత్తం 72,500 ఉండవచ్చని శైవల శాస్త్రవేత్త మైకేల్ గైరీ 2012లో అంచనా కట్టారు. అప్పటికి వాటిలో పేర్లు వెలువడినవి సుమారు 44,000 మాత్రమే. మిగిలిన వాటిలో కొన్ని ఇప్పటికే ఏదో ఒక భాండాగారంలో, పేరులేకుండా ప్రజాతి పక్కన ఒక సంఖ్యతో, ఎవరైనా ఆ గొట్టాన్ని తెరిచి చూసే రోజు కోసం వేచి ఉన్నాయి.